వేలి కిందికి వచ్చిన ముక్క

నేను చేసే పని తప్పులు వెతకడం. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. ఎవరో రాసిన యాప్‌ని వాళ్లు ఊహించని చోట నొక్కి, ఊహించని వేళ వెనక్కి వెళ్లి, ఎక్కడ ఆగిపోతుందో చూసి చెప్పాలి. పెళ్లయి కర్నూలు నుంచి కొండాపూర్ వచ్చిన దగ్గర్నుంచి ఇదే ఉద్యోగం. ఈ పనిలో కొన్నేళ్లుంటే మనిషికి ఒక జబ్బు అంటుకుంటుంది. దేన్ని చూసినా ముందు దాని లోపమే కనిపిస్తుంది. ఒకదాన్ని చూసి నోరు తెరిచి నిలబడిపోవడం ఎప్పుడో మానేశాను.

మా టీమ్ ఒక యాప్ చేసింది. చూపులేని వాళ్లు కూడా దాన్ని వాడగలగాలని క్లయింట్ షరతు. తెరమీద ఉన్నదాన్ని ఫోను గొంతుతో చదివి వినిపిస్తుంది, వాళ్లు వేలితో తడుముతూ ముందుకు వెళ్తారు. మేం కళ్లు మూసుకుని ఎంత పరీక్షించినా అది నిజమైన పరీక్ష కాదు కాబట్టి, ఒక సంస్థ ద్వారా కొందరిని ఆఫీసుకే పిలిపించాం. వాళ్లలో ఎక్కువమంది కుర్రవాళ్లు. ఒక్కరు మాత్రం డెబ్బై దగ్గర పడ్డ పెద్దమనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల పొట్టిచేతుల చొక్కా, మడిచి ఒళ్లో పెట్టుకున్న కర్ర. మాట్లాడితే గోదావరి వైపు మనిషని తెలిసిపోయేది. మా యాప్‌లో ఒక బటన్ పేరు రెండుసార్లు చదువుతోందని అందరికంటే ముందు పట్టుకున్నది ఆయనే.

మధ్యాహ్నం అందరూ కెఫెటీరియాకు వెళ్లారు. ఆయన తనకు డబ్బా ఉందన్నారు. ఒంటరిగా వదిలేయడం బాగుండదని నేను గదిలోనే ఉండిపోయాను. పెరుగన్నం తిన్నారు, నేను దారి చూపిస్తే వెళ్లి చేతులు కడుక్కున్నారు, రుమాలు అందించమని దానితో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు. తర్వాత చొక్కా జేబులోంచి పేకముక్కల కట్ట తీశారు.

"తీరిక ఉందా అమ్మా? ఒకటి చూపిస్తాను" అన్నారు.

చూపులేని మనిషి నాకు 'చూపిస్తాను' అనడం వింతగా ఉన్నా సరేనన్నాను. ఆయన కట్టను కాసేపు కలిపారు. ముక్కల్ని ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మెల్లగా జరుపుతూ నా వైపు చాచారు. మీ ఇష్టం, ఏదైనా ఒకటి తీసుకోండి అన్నారు. తీసుకున్నాను. నేను ఇంకా దాన్ని తిప్పి చూసుకోకముందే, "ఆటీన్ ఏడు" అన్నారు. తిప్పి చూశాను. ఆటీన్ ఏడే.

ఇంకోసారి చేయమన్నాను. ఈసారి గబుక్కున లాగాను. ఇస్పేట్ జాకీ అన్నారు, అదే వచ్చింది. మూడోసారి చెయ్యి చాచి, ఆగి, మనసు మార్చుకుని పక్కది తీశాను. అదేమిటో కూడా చెప్పారు. నాలోని టెస్టర్‌కు పట్టుదల వచ్చింది. నాలుగోసారి అన్నిటికంటే అడుగున ఉన్న ముక్కను లాగాను. ఆయన చిన్నగా నవ్వి, ఈసారి పేరు చెప్పలేదు. చూసుకుని కట్టలో పెట్టేయమన్నారు. కలిపారు. ముక్కల అంచుల మీద బొటనవేలు ఒక్కసారి రాసి, ఒకటి బయటికి తీసి నా ముందు పెట్టారు. నేను తీసిన ముక్కే.

ఆ సాయంత్రం క్యాబ్‌లో కొండాపూర్ వస్తుంటే నేను నా కుడి చేతివేళ్లను చూసుకుంటూ కూర్చున్నాను. నా దృష్టిలో ముక్క పేరు చెప్పడం పెద్ద విషయం కాదు. దానికేదో గుర్తు ఉంటుంది, ఏదో లెక్క ఉంటుంది. నాకు అంతుపట్టనిది వేరే. ఆ ముక్కను నేను ఎంచుకున్నాను. ఎంచుకున్న క్షణం నాకు స్పష్టంగా గుర్తుంది, పక్కదాన్ని వద్దనుకోవడం కూడా గుర్తుంది. ఆ అనుకోవడంలోకి కళ్లు కనిపించని ఒక మనిషి ఎలా వచ్చాడు?

వారం తిరక్కుండా సంస్థ వాళ్లనడిగి ఆయన నంబరు తీసుకుని ఫోన్ చేశాను, నేర్పుతారా అని. ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారని అడిగారు. అది ఎక్కడ తప్పిపోతుందో తెలుసుకోవాలని ఉందన్నాను. అవతల పెద్దగా నవ్వు వినిపించింది. బాచుపల్లిలో తన కూతురి ఇంట్లో ఉంటానని, ఆదివారం పొద్దున వచ్చేయమని చెప్పారు.

అలా మొదలైంది. ఆయన్ని మొదట సార్ అనేదాన్ని, వాళ్ల అమ్మాయి వినడానికి మరీ ఆఫీసులా ఉందనేసరికి మాస్టారు అనడం అలవాటైంది. కాకినాడలో నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారట. పడుచువయసులో ఊరికి వచ్చిన ఒక మెజీషియన్ వెంట సెలవుల్లో తిరిగి ఈ విద్య పట్టుకున్నారు. ఆఫీసు క్లబ్బుల్లో, పిల్లల పుట్టినరోజుల్లో ప్రదర్శనలిచ్చేవారు. నడివయసులో నీటికాసులు వచ్చి చూపు అంచుల నుంచి తగ్గుతూ వచ్చింది. చూపు తగ్గేకొద్దీ ఒక్కొక్క అంశం వదులుకున్నారు. అద్దంతో చేసేవి పోయాయి, మంటతో చేసేవి పోయాయి, రంగు గుడ్డలు పోయాయి.

"ఇది మాత్రం పోలేదమ్మా. పైగా బాగుపడింది" అన్నారు. చూపున్న రోజుల్లో తన చేతుల వైపు తానే చూసుకునేవారట. ఎదుటివాళ్లు కూడా అక్కడే చూసేవారు, అనుమానం వచ్చేది. చూసుకోవడానికి ఏమీ లేకుండా పోయాక చెయ్యి తన పని తాను చేసుకోవడం మొదలుపెట్టిందని చెప్పారు.

ఇందులో రహస్యం చెప్పాలంటే ఒక్క వాక్యం. మనకు కావలసిన ముక్కను కట్ట మధ్యలోకి తెచ్చి చిటికెనవేలి కొసతో దాని దగ్గర వెంట్రుకవాసి సందు పెట్టుకుంటాం. ముక్కలు జరుపుతూ ఎదుటివాళ్ల వేళ్లు వచ్చి వాలే క్షణానికి సరిగ్గా ఆ ముక్క అక్కడ ఉండేలా చూస్తాం. అంతే. మెజీషియన్లు దీన్ని ఫోర్స్ అంటారు. ఆ పేరు మాస్టారికి నచ్చదు. బలవంతపెడితే ముక్క రాదు, అందుకే తాను 'తీయించడం' అంటాననేవారు.

ఆ ఒక్క వాక్యం నా చేతికి ఎక్కడానికి ఎండాకాలం మొత్తం పట్టింది. సందు పెట్టడం రాత్రికి రాత్రి వచ్చేసింది, పెట్టిన సందు ఎవరికీ కనిపించకుండా దాచడం రావడానికి వారాలు పట్టింది. జరిపేటప్పుడు ముక్కలు గుంపులుగా పడేవి. మా ఆయన్ని కూర్చోబెట్టి అదే పనిగా తీయమనేదాన్ని. ఆయన ప్రతిసారీ వేరేది తీసేవాడు. చివరికి ఇంకొక ముక్క తీయమంటే తను గచ్చిబౌలి ఆఫీసులోనే మకాం పెడతానన్నాడు. ఆఫీసులో మా టీమ్ అమ్మాయి మీద ప్రయత్నించాను. నేను తీయించాలనుకున్నది కళావర్ రాజు, ఆమె తీసింది ఇంకేదో. నా ముఖం వాడిపోవడం టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లందరికీ కనిపించింది. ఆమె జాలిపడి, ఇంకోటి తీయనా అక్కా అని అడిగింది.

ఆదివారం ఇదంతా చెబితే మాస్టారు అసలు విషయం బయటపెట్టారు. మొదటిరోజు మా ఆఫీసులో నాలుగోసారి నేను అడుగు ముక్క లాగినప్పుడు ఆయన నిజంగానే ఓడిపోయారట. ఆయన తీయించాలనుకున్నది కట్ట మధ్యలోనే ఉండిపోయింది. అందుకే పేరు చెప్పకుండా ముక్కను వెనక్కి పెట్టించి, వేరే పద్ధతిలో వెతికి ఇచ్చారు. ఆ ముక్కలన్నిటి మీదా మూలల్లో సూదితో పొడిచిన బ్రెయిల్ చుక్కలున్నాయి, ఆయన బొటనవేలు వాటిని చదువుతుంది, నేను ముక్కను వెనక్కి పెట్టినప్పుడే నాది చదివేసింది. "ఓడిపోయానని మీకు తెలియలేదు కదా? ఎందుకంటే నాకు ఓడిపోయినట్టనిపించలేదు. మీరు గెలవాలని కూర్చుంటారు, అది చేతిలో తెలిసిపోతుంది" అన్నారు.

తర్వాత కొన్ని వారాలు నా చేతికి ముక్కలే ఇవ్వలేదు. వాళ్ల అమ్మాయి జంతికలు చేసి పెడితే, ఆ పళ్లెం పట్టుకుని వచ్చినవాళ్లందరికీ అందించమన్నారు. ఎదుటివాళ్లు ఏ జంతిక తీస్తారో ముందుగా అనుకుని, అది వాళ్ల చేతికి దగ్గరయ్యేలా పళ్లెం తిప్పాలి. తిప్పినట్టు కనిపించకూడదు. పై ఫ్లాట్ వాళ్లు, నీళ్ల క్యాన్లు తెచ్చే అతను, అల్లుడిగారి స్నేహితులు, అందరికీ ఆ ఇంట్లో జంతికలు పెట్టింది నేనే. అక్కడే నాకు మాట సంగతి అర్థమైంది. 'తీసుకోండి' అన్న మాట విన్నాక మనిషి చెయ్యి వెంటనే లేవదు. ఒక చిన్న వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధి ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది, కాని ఒక మనిషిలో ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటుంది. మాస్టారు చూడలేని చేతిని తన మాటతో రప్పించుకుంటారు. మొదట ఏదో ఒక వంకతో చెయ్యి చాపిస్తారు, కర్ర అందుకోమనో, నీళ్ల గ్లాసు ఇటివ్వమనో. ఆ ఒక్కసారితో ఆ మనిషి వ్యవధి ఆయనకు తెలిసిపోతుంది. నేను ఆయనకు ఆఫీసులో సబ్బు ఎక్కడుందో చూపించినప్పుడు, రుమాలు అందించినప్పుడు, ఆయన నన్ను చదువుతూనే ఉన్నారన్నమాట.

అది తెలిశాక నాకు ఊరే మారిపోయింది. మెట్రోలో కడ్డీ పట్టుకోవడానికి లేచే చేతుల్ని చూస్తూ ఉండేదాన్ని. కొందరి చెయ్యి తిన్నగా వెళ్లి పట్టుకుంటుంది. కొందరిది మధ్యలో ఒకసారి ఆగి, చుట్టూ చూసి, మళ్లీ కదులుతుంది. లిఫ్ట్ బటన్ దగ్గర ఇద్దరి చేతులు ఒకేసారి లేస్తే ఎవరిది వెనక్కి వెళ్తుందో ముందే చెప్పగలిగేదాన్ని. ఇన్నాళ్లూ ఇంతమంది మధ్య తిరిగాను. ఒక్కొక్క మనిషి చెయ్యీ తన నడకలాగే తనదని, అది రోజంతా అందరి ముందూ అలా బయటపడుతూనే ఉందని నాకు తెలియదు. సైబర్ టవర్స్ దగ్గర సిగ్నల్ పడినప్పుడు చెయ్యి అడ్డుపెట్టి రోడ్డు దాటే జనాన్ని చూస్తే భయంలాంటిదొకటి కలిగేది, భక్తిలాంటిది కూడా.

మొదటిసారి నాకు ముక్క వచ్చింది మా అమ్మ దగ్గర. కర్నూలు నుంచి వచ్చి మా ఇంట్లో కొన్నాళ్లుంది. ఆడపిల్ల చేతిలో పేక చూడటం ఆమెకు అసలు నచ్చలేదు. వచ్చిన రోజే, "ఏందిమే ఇది, పేకముక్కలు పట్టుకొని కూర్చున్నావు" అని ముఖం ముడుచుకుంది. ఆ రోజు హాల్లో కింద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. టీవీలో ఏదో నడుస్తోంది. నేను పక్కన కూర్చుని ముక్కలు జరుపుతూ, ఏ ఆశా లేకుండా, అమ్మా ఒకటి తీయి అన్నాను. విసుక్కుంటూ, నా వైపు చూడకుండానే చెయ్యి చాపింది. ఆ చెయ్యి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. దాని వ్యవధి నేను నేర్చుకోనవసరం లేదు. ముక్క ఆమె వేళ్ల మధ్యకు వెళ్లిపోయింది. నేను పంపినట్టు కూడా అనిపించలేదు. నా చిటికెనవేలి దగ్గర సందు ఖాళీ అయింది, అంతే.

ఆటీన్ రాణి అన్నాను. అమ్మ దాన్ని తిప్పి చూసింది. టీవీ వైపు చూసింది, మళ్లీ ముక్క వైపు చూసింది. చేతికంటిన గోంగూర తడిని కొంగుకు తుడుచుకుని ముక్కను రెండు చేతులతో పట్టుకుంది.

"నాకు ఏది ఇష్టమైతే అది కదనే తీసినాను?" అంది.

అవునమ్మా అన్నాను. ఆమె మళ్లీ తీయలేదు. ఆ తర్వాత మాత్రం ఇంటికి ఎవరొచ్చినా, మా పాపకు ఒక విద్య వచ్చు అని తనే ముక్కలు తెచ్చి నా చేతికిచ్చేది. ఆ తర్వాత కూడా నాకు తప్పిపోయిన సార్లు ఎన్నో ఉన్నాయి. కాని వచ్చేది ఎలా వస్తుందో ఒకసారి చేతికి తెలిసింది.

వానలు మొదలయ్యాక, మాస్టారి అమ్మాయి పాఠాలు చెప్పే కాలేజీ వాళ్ల ద్వారా ఒక కబురు వచ్చింది. బాచుపల్లిలోనే చూపులేని ఆడపిల్లల హాస్టల్ ఒకటుంది. ఇంటర్, డిగ్రీ చదువుకునే పిల్లలు. వాళ్లకు మేజిక్ చేయగలరా అని వార్డెన్ అడిగింది. ఎవరు పిలిచినా వెంటనే ఒప్పుకునే మాస్టారు ఈసారి చాలా రోజులు తేల్చలేదు. అడిగితే, ఇంతవరకూ తను చూపున్నవాళ్లకే చేశానని, వాళ్ల కళ్లు తనకు సాయం చేస్తాయని చెప్పారు. ముక్కలు విప్పారడం చూస్తే వాళ్ల చెయ్యి దానంతటదే మధ్యకు వస్తుంది. ఈ పిల్లలకు తన చేతుల్లో ఏముందో కనిపించదు, వాళ్ల చేతులు తనకు కనిపించవు. చివరికి తనే ఒకరోజు ఫోన్ చేసి, వెళ్దామమ్మా, నేను కూడా చూడాలి ఏమవుతుందో అన్నారు.

ఇద్దరం కూర్చుని ఒక కొత్త కట్టకు చుక్కలు పొడిచాం. ఆ పిల్లలందరికీ బ్రెయిల్ వచ్చు కాబట్టి ముక్క పేరు వాళ్లే వేలితో చదువుకోవాలి. మిగతా అంశాలు కూడా చేతికి తెలిసేవే ఎంచుకున్నారు. తాడు ముడి దానంతటదే ఊడిపోవడం, మూసిన గుప్పిట్లో ఒక స్పాంజి బంతి రెండు కావడం.

ప్రదర్శన హాస్టల్ భోజనాల హాల్లో, ఒక శనివారం మధ్యాహ్నం. బంతి అంశానికి పిల్లలు అరిచిన అరుపుకు వంటవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. గుప్పిట విప్పిన అమ్మాయి రెండు బంతుల్నీ పక్కనున్న ప్రతి అమ్మాయి చేతిలోనూ పెట్టి చూపించింది. మాస్టారి ముఖం వెలిగిపోతోంది. అప్పుడు ముక్కలు తీశారు. ముందు వరసలో కూర్చున్న అమ్మాయిని పిలిచారు. డిగ్రీ మొదటి సంవత్సరం, సిద్దిపేట వైపు పిల్ల. సన్నగా, నిటారుగా వచ్చి ఎదురుగా నిలబడింది.

ఆయన ఆమెను కట్ట ఎక్కడుందో ముందు తాకి చూసుకోమన్నారు. ఆమె వేలు ముక్కల అంచు మీద వాలింది. ఆయన జరపడం మొదలుపెట్టి, నీ ఇష్టమొచ్చినప్పుడు ఒకటి తీసుకో తల్లీ అన్నారు. ఆమె వేలు తీయకుండానే కొంతసేపు ఉంచి, ఒక ముక్క లాగింది. మాస్టారు కళావర్ తొమ్మిది అన్నారు. ఆమె మూల తడిమి, అవును కళావర్ తొమ్మిదే అని అందరికీ చెప్పింది. హాలంతా చప్పట్లు. ఆమె మాత్రం కొట్టలేదు. చప్పట్లు అయ్యేదాకా ఆగింది.

"సార్, ఏమనుకోకున్రి, ఒకటి చెప్తా" అంది. "ముక్కలన్నీ నా ఏలు కింద నుంచి పోయినయ్. గిదొక్కటి జర ఆగింది. ఆగి ముందుకొచ్చింది. నేను తియ్యలే సార్. మీరే ఇచ్చిన్రు."

వార్డెన్ కంగారుపడి, పెద్దాయనతో అట్ల మాట్లాడతారా అని మందలించబోయింది. మాస్టారు చెయ్యెత్తి ఆమెను ఆపారు. ఇంకోసారి చేద్దామా అని ఆ అమ్మాయినే అడిగారు. చేశారు. ముక్క పేరు చెప్పారు, సరిపోయింది. ఇదిగూడ ఆగింది సార్ అంది ఆమె. మూడోసారి ఆయన చాలా వేగంగా జరిపారు. ఆమె ముక్క తీసుకుని కొంచెం ఆలోచించి, ఈసారి తక్కువ ఆగింది, కాని ఆగింది అంది.

నేను ఆయన ముఖమే చూస్తున్నాను. నలభై ఏళ్లకు పైగా చేస్తున్న విద్య, పిల్లల ముందు బయటపడిపోయింది. ఆయన ముక్కల కట్టను రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఆ అమ్మాయి నిలబడ్డ వైపు తల వంచారు.

"తల్లీ, ఎంత ఆగింది?" అని అడిగారు.

ఆమె తన చూపుడువేలి గోటిని ఆయన అరచేతి మీద ఆనించి, అంత అని చెప్పడానికి, చాలా చిన్నగా కదిపింది. ఆయన నవ్వారు. లోపలి నుంచి పొంగి, ఆపుకోలేక వచ్చిన నవ్వు. ఇన్నాళ్లలో తనను పట్టుకున్నది ఆమె ఒక్కతేనని హాలంతా వినేలా చెప్పారు. పిల్లలు ఈసారి ఆ అమ్మాయి కోసం చప్పట్లు కొట్టారు. ఆమె సిగ్గుపడి తన చోటికి వెళ్లిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వాన తుంపర లోపలికి కొడుతుంటే నేను పక్క పరదా దించాను. అప్పుడు అడిగారు, మీకెప్పుడైనా తెలిసిందా అమ్మా, నా చెయ్యి ఆగుతుందని. లేదన్నాను. ఇన్ని ఆదివారాలు ఆయన చేతుల్ని చూశాను, ఫోన్‌లో వీడియో తీసుకుని మరీ నెమ్మదిగా నడిపించి చూశాను. నాకు ఏ ఆగడమూ కనిపించలేదు.

"నాకూ తెలియదమ్మా" అన్నారు. "నేను ఆపడం లేదు. ఆపుతున్నానని నాకు ఈ రోజు దాకా తెలియనే తెలియదు."

ఆ పిల్ల పట్టుకున్నది మెజీషియన్ చేసే ఉపాయాన్ని కాదు. ఆయన చేతికి తెలిసి ఆయనకు తెలియని దాన్ని పట్టుకుంది. ఒక కాగితం అంచు మీద ఆనించిన వేలితో.

మరుసటి ఆదివారం నుంచి ఆమె కూడా వచ్చేది. హాస్టల్ వాళ్ల అనుమతి తీసుకుని నేనే ఆటోలో తీసుకొచ్చి దింపేదాన్ని. దారిలో నన్ను నా పని గురించి అడిగేది. స్క్రీన్ మీద బటన్లకు పేర్లు సరిగ్గా పెట్టని యాప్‌లన్నీ వరసగా చెప్పి, అందులో మావి ఎన్నో కూడా చెప్పింది. తనకు బ్యాంకు ఉద్యోగం కావాలి, ఆ పరీక్షలకు చదువుతోంది. మేజిక్ నేర్చుకుంటావా అంటే, నేర్చుకోవడం తర్వాత సంగతి, ముందు సార్ చెయ్యి ఆగకుంట చెయ్యాలె అంది.

వాళ్లిద్దరూ బాల్కనీ దగ్గర రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. ఆయన ముక్కలు జరిపేవారు, ఆమె వేలు అంచు మీద ఆనించేది. ఆగింది అనేది. మళ్లీ. ఇప్పుడు ముందుకు నెట్టిన్రు అనేది. మళ్లీ. కొన్నాళ్లకు మాటలు కూడా తగ్గిపోయి, ఆమె వేలితో కట్ట మీద ఒకసారి తట్టేది, ఆయనకు అర్థమయ్యేది. నా వంతు అభ్యాసం నేను సోఫాలో కూర్చుని చేసుకునేదాన్ని. కాని చాలాసార్లు నా చేతిలో ముక్కలు ఆగిపోయేవి. ఇద్దరు మనుషులు, ఒకరికొకరు కనిపించరు, గదిలో వెలుతురుందో లేదో కూడా వాళ్లకు పట్టదు, ఒక కాగితం మందమంత చోట కలుసుకుని అక్కడ ఏం జరుగుతోందో మాట్లాడుకుంటున్నారు. నేను రెండు కళ్లతో చూస్తూ కూడా ఆ చోట అడుగుపెట్టలేకపోయాను. అందుకు నాకు చిన్నతనంగా అనిపించలేదు. అలాంటి చోటు ఒకటి ఉందని తెలియడమే చాలనిపించేది.

దసరా సెలవులు ముగిసిన తర్వాత ఒక ఆదివారం. ఆమె ఒక ముక్క లాగింది. కట్ట మీద తట్టలేదు. ముక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఇది నేనే తీసిన సార్" అంది. "ఏది ఆగలే. నాకు ఇది కావాలనిపించి తీసిన."

మాస్టారు చాలా మెల్లగా, డైమన్ మూడు అన్నారు.

ఆమె మూల తడిమింది. మళ్లీ తడిమింది. ముక్కను తిప్పి రెండో మూల కూడా చదివింది. నోరు కొద్దిగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆమె తన చూపుడువేలిని బొటనవేలితో రుద్దుకుంటోంది, అది తనదేనా అన్నట్టు. ఆమె ఎదురుగా మాస్టారు కూడా అంతే అపనమ్మకంతో తన ఎడమ చేతి చిటికెనవేలిని పట్టుకుని కూర్చున్నారు.

లోపలి నుంచి వాళ్ల అమ్మాయి భోజనాలకు రమ్మని పిలిచింది. ఎవరూ లేవలేదు. ఆ అమ్మాయి ముక్కను కట్టలో పెట్టేసి, తన వేలిని అంచు మీద ఆనించి, ఇంకొకసారి సార్ అంది.